స్క్రూ తిప్పితే మైలేజీ రాదమ్మా!

పాత కారు మైలేజీ అంటే ఇంటి ఖర్చు. పాల లెక్క, కిరాణా లెక్క, గ్యాస్ బండ ఎన్నాళ్లొచ్చిందన్న లెక్క మన చేతిలో ఉన్నప్పుడు, పెట్రోలు లెక్క ఒక్కటే "అది మగవాళ్ల విషయం" ఎందుకవుతుందో నాకు అర్థం కాదు. బానెట్ ఎత్తగానే మనల్ని పక్కకు జరగమంటారు. మనమూ జరుగుతాం. అక్కడే మన పర్సుకు చిల్లు పడుతోంది. కొందరికి కోపం వచ్చినా సరే, ఈ మాట చెప్పాల్సిందే.

మా మంఖాల్ వైపు ఇంకా కొన్ని ఇళ్లల్లో పాత మారుతి 800 ఉంది. అమ్మానాన్నల్ని ఆస్పత్రికి తీసుకెళ్లడానికి, గల్ఫ్ నుంచి వచ్చే తమ్ముడిని ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చుకోవడానికి, ఏడాదికోసారి శ్రీశైలం పోయి రావడానికి అదే దిక్కు. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరి దాకా తయారైన బండి. 2000 ప్రాంతానికి ముందు వచ్చినవి చాలావరకు కార్బరేటర్ బండ్లే. అంటే పెట్రోలును, గాలిని కలిపే పని కంప్యూటర్ చేయదు, చిన్న చిన్న రంధ్రాలున్న ఒక లోహపు డబ్బా చేస్తుంది. దానికి శ్రద్ధగా చూసే మనిషి కావాలి.

ఇప్పుడు ఆ శ్రద్ధ పేరుతో జరిగే తంతు చూడండి. "హైవే మీద మైలేజీ రావట్లేదు" అనగానే మెకానిక్ ఇంజన్ స్టార్ట్ చేసి, స్క్రూడ్రైవర్‌తో మిక్చర్ స్క్రూ ఒక చుట్టు బిగించి, "ఐపోయింది మేడం, లీటరుకు మూడు నాలుగు పెరుగుతది" అంటాడు. ట్యూనింగ్ అని డబ్బులు తీసుకుంటాడు.

ఆ స్క్రూ ప్రధానంగా బండి నిలబడి ఆడుతున్నప్పటి పెట్రోలును సరిచేస్తుంది. గంటకు 60, 70లో పోతున్నప్పుడు పెట్రోలు ఎక్కువగా వచ్చేది మెయిన్ జెట్ నుంచి. పొయ్యి మీద సిమ్‌లో మంట సరిచేసుకున్నంత మాత్రాన హైలో మంట మారుతుందా? ఇదీ అంతే. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఇంజన్ నిలకడగా ఆడడానికి ఆ స్క్రూ కావాలి, కాదనను. శ్రీశైలం రోడ్డు మీద మైలేజీకి దానితో పెద్దగా పని లేదు.

కొందరు ఇంకో అడుగు ముందుకేసి చిన్న జెట్ వేస్తారు. "లీన్ చేశాం" అంటారు, అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. కొంచెం పలచబడితే ఆదా నిజమే. మరీ పలచబడితే పికప్ పోతుంది, పెడల్ ఇంకా లోపలికి తొక్కుతాం, ఇంజన్ వేడెక్కుతుంది, వాల్వులు కాలతాయి. అందులోనూ 2025 నాటికి మన బంకుల్లో పెట్రోలుకు 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ కాలడానికి గాలి తక్కువ చాలు. అంటే పాత జెట్‌తోనే మిశ్రమం దానంతటదే పలచబడింది. అలా పలచబడిన మజ్జిగలో ఇంకో చెంబు నీళ్లు పోయడం ఏం తెలివి?

మైలేజీ తగ్గడానికి ఇథనాల్ వాటా కూడా ఉంది. ఆ లోటును ఏ స్క్రూ తీర్చలేదు. ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొందించి, 10 శాతం మిశ్రమానికి సర్దిన కార్లలో, 20 శాతం మిశ్రమంతో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. పాత రబ్బరు పైపుల్ని కూడా ఇథనాల్ తినేస్తుంది. కాబట్టి పెట్రోలు పైపులు పగిలాయా, చెమరుస్తున్నాయా అన్నది ముందు చూడాలి. ఇది మైలేజీని మించిన సంగతి. వేడి ఇంజన్ మీద పెట్రోలు కారితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మరి హైవే మైలేజీ ఎక్కడ పోతోంది? ఎవరూ చూడని చోట. థర్మోస్టాట్ వాల్వ్ ఉందా అని అడగండి. "వేడెక్కకుండా ఉంటదని తీసేసినం" అని గొప్పగా చెప్తారు. అది లేకపోతే ఇంజన్ కాగాల్సినంత కాగదు, చల్లటి ఇంజన్ పెట్రోలు ఎక్కువ తాగుతుంది. తర్వాత డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వాక్యూమ్ పైపు. తేలిగ్గా, ఒకే వేగంతో పోతున్నప్పుడు స్పార్క్ కాస్త ముందుగా పడేలా చేసేది అదే. దాని లోపలి పొర చిరిగితే హైవే మీద నష్టం, ఊళ్లో మాత్రం పెద్దగా తెలియదు. పైపును నోటితో పీల్చి పట్టుకుంటే గాలి నిలవాలి. నిలవకపోతే చిరిగినట్టే. చోక్ నాబ్ పూర్తిగా లోపలికి పోతోందా, తీగ మధ్యలో ఇరుక్కుందా? ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిందా? చక్రం జాకీ మీద లేపి తిప్పితే తేలిగ్గా తిరుగుతోందా, బ్రేకు పట్టేస్తోందా?

ప్లగ్గులు విప్పించి చూపించమనండి. చివర లేత బిస్కెట్ రంగులో ఉంటే మంచిది. మసిబారి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే మరీ లీన్. పొయ్యి మంట పసుపుగా ఉండి గిన్నె అడుగు నల్లబడితే బర్నర్ శుభ్రం చేసుకునే మనకు ఇది అర్థం కాని విద్యా?

ఇక మన కాలు. గాలి అడ్డు వేగానికి వర్గంలో పెరుగుతుంది. వేగం 60 నుంచి 90కి, అంటే ఒకటిన్నర రెట్లు చేస్తే, గాలి అడ్డు రెండుంపావు రెట్లవుతుంది. ఔటర్ మీద 120 దాకా పోవచ్చని అనుమతి ఉంది కదా అని నాలుగు గేర్ల పాత బండిని తరిమితే ఏ ట్యూనింగూ కాపాడదు. ఎడమ వైపు లేన్‌లో, 60, 70 మధ్య, ఒకే తీరుగా పోవాలి. ఖాళీ క్యారియర్ ఉంటే విప్పేయాలి. ఘాట్ దిగేటప్పుడు ఇంజన్ ఆపి న్యూట్రల్‌లో వదలడం ఆదా కానే కాదు. బ్రేకు బూస్టర్ పనిచేయదు, గేరు పట్టు ఉండదు, నల్లమల మలుపుల్లో ప్రాణం మీదికొస్తుంది.

లెక్క చూడండి. శ్రీశైలం రానుపోను దగ్గర దగ్గర 400 కిలోమీటర్లు. లీటరుకు 12 ఇస్తే 33 లీటర్లు పైన, 16 ఇస్తే 25 లీటర్లు. తేడా 8 లీటర్లు. లీటరు వంద దాటిన రోజుల్లో ఒక్క ప్రయాణంలో ఎనిమిది వందల పైమాటే. ట్యాంకు ఫుల్ చేసి మీటరు రాసుకోండి, తిరిగొచ్చాక అదే బంకులో మళ్లీ ఫుల్ చేసి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. క్యాలెండర్ మీద పాలవాడి పక్కనే రాయండి. మెకానిక్ "పెరిగింది" అంటే పెరగదు, క్యాలెండర్ ఒప్పుకోవాలి.

"ఇదంతా ఎందుకు, అమ్మేసి కొత్తది తీసుకోవచ్చుగా" అంటారు. ఆ మాటలో కొంత న్యాయం ఉంది. ఈ బండికి ఎయిర్‌బ్యాగులు లేవు, పొగ కూడా కొత్త వాటికంటే ఎక్కువ. అడుగు తుప్పు పట్టినా, పొగ పరీక్షలో నిలవకపోయినా తీసేయాల్సిందే, ఆ విషయంలో మొహమాటం వద్దు. కానీ బండి గట్టిగా ఉండి, నెలకు రెండుసార్లు కదిలే ఇంట్లో, పెట్రోలు ఆదా కోసమని నెలనెలా వేల రూపాయల ఈఎంఐ తలకెత్తుకుంటే ఆ లెక్క ఏ జన్మకు తేలుతుంది?

ఈసారి బండి షెడ్డుకు వెళ్తే మీరూ వెళ్లండి. "సార్‌ని పంపండి మేడం" అంటే కుర్చీ వేయమని చెప్పి కూర్చోండి. ప్లగ్గులు చూపించమనండి, థర్మోస్టాట్ ఎక్కడుందో అడగండి, మార్చిన పాత సామాను ఇచ్చేయమనండి, బిల్లు రాయించుకోండి. స్క్రూడ్రైవర్ ముందుగా కార్బరేటర్ వైపు వెళ్తే మాత్రం, "అది చివర తమ్ముడూ, ముందు వాక్యూమ్ పైపు చూడు" అనండి.