కప్పకు ఎర్రకాళ్ల జబ్బు – కూలీకి దాని పాఠం

కప్పల జబ్బుకీ, జగ్గయ్యపేట, నందిగామ మెట్ట కూలీలకీ ఏం సంబంధమని కొందరు మిత్రులు అడగవచ్చు. సంబంధం వుంది. మన ప్రాంతంలో కప్పలు పెంచే చెరువులు లేవు, నిజమే. కాని విదేశాలలో పెంపకపు కప్పలను చంపుతున్న బాక్టీరియా, దిగువన కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో చేపను చంపే బాక్టీరియా ఒకే జాతివి. పనిలేని రోజుల్లో మెట్ట నుంచి డెల్టాకు దిగి, ఆ చెరువుల్లో మోకాలి లోతున, నడుం లోతున నిలబడి వల లాగేవాళ్లలో మనవాళ్లూ వున్నారు. అందుచేత యీ జబ్బు ఎలా పుడుతుందో, నష్టం ఎవరి నెత్తిన పడుతుందో మనం తెలుసుకోవాలి.

ముందు కప్ప సంగతి చూద్దాం. వానలు రాకపోతే రోకలికి కప్పను కట్టి ఇంటింటికీ తిప్పి నీళ్లు పోయించడం మన పల్లెల్లో పాత ఆచారం. అదే కప్ప తర్వాత డాలర్ల సరుకైంది. 1970లలో, 1980ల మొదట్లో మన దేశం నుంచి ఏటా కొన్ని వేల టన్నుల కప్పకాళ్లు అమెరికాకూ, యూరపుకూ ఎగుమతయ్యాయి. రాత్రిపూట లైట్లు పట్టుకుని, పాములకు వెరవక, వరిపొలాల్లో గోదురుకప్పల్ని పట్టింది పేదలే. వాళ్లకు దక్కింది కిలోకింత అని చిల్లర. డాలర్లు దక్కింది ఎగుమతిదారులకు. పొలంలో పురుగును తినే కప్ప పోయింది, పురుగుమందు ఖర్చు పెరిగింది. చివరకు 1987లో కేంద్ర ప్రభుత్వం కప్పకాళ్ల ఎగుమతిని నిషేధించింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గోదురుకప్పను పట్టడం నేటికీ నేరమే.

ఇక్కడ తలుపు మూస్తే వ్యాపారం ఆగలేదు. కొంత ఇండోనేషియా పొలాల మీద పడింది. థాయిలాండు, చైనా, తైవాన్, బ్రెజిల్ వంటి దేశాలలో తొట్లలోనూ గుంటలలోనూ కప్పలను పెంచుతున్నారు. పెంపకంతోపాటు జబ్బులూ పెరిగాయి. వాటిలో పేరుమోసింది ఎర్రకాళ్ల జబ్బు. తొడల కింద, పొట్ట మీద చర్మం రక్తం చిమ్మినట్టు ఎర్రబడుతుంది. పుండ్లు పడతాయి. కప్ప మేత మానేసి మూలన కూచుంటుంది, చచ్చిపోతుంది. యీ జబ్బును అమెరికాలో ప్రయోగశాలల కప్పల్లో 1905లోనే శాస్త్రజ్ఞులు వర్ణించారు. దీనికి ముఖ్యంగా చెప్పే కారణం ఏరోమోనాస్ అనే బాక్టీరియా. చైనా పెంపకాల్లో కప్ప మెడ ఒక పక్కకు తిరిగిపోయే మరో జబ్బు వుంది. దాన్ని తెచ్చేది ఎలిజబెత్‌కింగియా అనే బాక్టీరియా. ఆస్పత్రుల్లో పసిపిల్లలకు మెదడు పొరల వాపు తెచ్చే జాతి కూడా యిదే. చాలా మందులకు లొంగని రకం.

ఇక్కడే అసలు విషయం వుంది. ఏరోమోనాస్ ఎక్కడినుంచో వచ్చిపడే శత్రువు కాదు. కాలవలో వుంటుంది, చెరువులో వుంటుంది, ఆరోగ్యంగా వున్న కప్ప పేగులో కూడా వుంటుంది. వరిచేలో తిరిగే కప్పను అది సాధారణంగా ఏమీ చెయ్యదు. మరి తొట్లో కప్పను ఎందుకు చంపుతోంది? చోటు చాలక ఒకదానిమీద ఒకటి పడి గీరుకుంటాయి. ఆ గాయంలో నుంచి బాక్టీరియా దూరుతుంది. మిగిలిన మేత, మలం కుళ్లి నీరు చెడుతుంది. ఎండకూ చలికీ తట్టుకోలేక కప్ప నీరసపడుతుంది. అంటే బాక్టీరియా నిప్పురవ్వ మాత్రమే. కట్టెలు పేర్చింది లాభం. చదరపు గజానికి ఎన్ని ఎక్కువ పెడితే అంత రాబడి అన్న లెక్కే జబ్బుకు తల్లి.

యజమాని కప్పల సంఖ్య తగ్గించడు, నీరు మార్చడు. మందు కొడతాడు. మేతలో యాంటీబయాటిక్ కలుపుతాడు. బలహీనమైన బాక్టీరియా చస్తుంది, మందును తట్టుకున్నది మిగిలి పెరుగుతుంది. పైగా బాక్టీరియాలు ఆ తట్టుకునే గుణాన్ని ఒకదానికొకటి అందించుకోగలవు. చెరువులో నేర్చిన విద్య రేపు మన బిడ్డ ఒంట్లోని క్రిమికి అబ్బితే, ఆస్పత్రిలో ఇచ్చే సూది పనిచెయ్యదు.

యిదంతా పరాయి దేశపు కథ అనుకోవద్దు. కొల్లేరు ప్రాంతపు బొచ్చె, రవ్వ చెరువుల్లో చేప ఒంటి మీద ఎర్రమచ్చలు, పొలుసుల కింద నీరు, పుండ్లు – ఇవన్నీ ఏరోమోనాస్ చేసే పనులే. 1988లో మన దేశంలో అడుగుపెట్టిన పుండ్ల జబ్బుకు మూలం ఒక బూజువంటి జీవి అయినా, పడ్డ పుండును ఏరోమోనాస్ వంటివే ముదరబెడతాయి. కారణాలూ అవే: కిక్కిరిసిన చేప, కుళ్లిన అడుగు, తెల్లవారుజామున చాలని ప్రాణవాయువు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులు చేపలకూ రొయ్యలకూ వాడరాదని నిషేధం వుంది. కోలిస్టిన్ అనే చివరి అస్త్రం వంటి మందును పశువులకూ కోళ్లకూ చేపలకూ వాడకూడదని 2019లో కేంద్రం నిషేధించింది. చట్టాలు వున్నాయి. గట్టు మీదికి వచ్చి చూసేవాడే కరువు.

చెరువు చచ్చినప్పుడు ఎవరు చస్తున్నారు? భూస్వామి కౌలు ముందే తీసుకుని వుంటాడు. మేత, మందు అమ్మినవాడు అప్పు కాగితం రాయించుకుని వుంటాడు. మునిగేది చిన్న కౌలుదారు. అతనికంటే ముందు మునిగేది కూలీ. పట్టుబడి లేదు, కూలి లేదు. కాపలా వున్నవాడి నెలజీతం కూడా “పంట పోయిందిగా” అనే మాటతో ఎగిరిపోతుంది. లాభంలో వాటా అడగని కూలీని నష్టంలో మాత్రం భాగస్తుణ్ణి చేస్తారు. యిదెక్కడి న్యాయం?

ఒంటి సంగతి కూడా చెప్పాలి. ఏరోమోనాస్ మనిషి గాయంలోనూ చేరుతుంది. ముల్లు గుచ్చుకున్న చెయ్యి, పగిలిన మడమ ఆ నీళ్లలో నానితే వాచి చీము పడుతుంది. షుగరు వున్నవారికీ, కాలేయం చెడినవారికీ ప్రాణం మీదికి రావచ్చు. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి వచ్చే ఎలుక జ్వరమూ అంతే. వరిమడిలో నాటువేసే మన ఆడవాళ్లకు కూడా యీ ప్రమాదం వుంది. అది బాక్టీరియా జ్వరమే. తొందరగా పట్టుకుంటే మామూలు మందులతో తగ్గుతుంది. కాబట్టి గాయాన్ని వెంటనే మంచినీళ్లూ సబ్బుతో కడగండి. జ్వరం, ఒళ్లునొప్పులు, కళ్లు ఎర్రబడటం, కాలు వాపు వస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి “నీళ్లలో పని చేస్తున్నాం” అని డాక్టరుకు తప్పక చెప్పండి. మందుల షాపులో రెండు బిళ్లలు కొనుక్కుని మళ్లీ నీళ్లలో దిగటం వద్దు.

మన మెట్ట ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో వుంది. 2022లో జిల్లా పేరు మారింది గాని, సాగర్ ఎడమ కాలవ చివరి భూముల బాధ మారలేదు. మిర్చికీ పత్తికీ పెట్టిన పెట్టుబడి తిరిగి రాని రైతు దగ్గరికి రేపు ఎవడో వచ్చి “చెరువు తవ్వు, ఏదో ఒకటి పెంచు, ఏడాదిలో రెండింతలు” అనవచ్చు. అప్పుడు అడగవలసిన ప్రశ్నలు మూడు. నీరెక్కడిది? చెడిన నీరు ఎవరి చేల్లోకి? జబ్బు వస్తే నష్టం ఎవరిది? పొలం చెరువైతే నాట్లు, కలుపు, కోతలు పోతాయి. పది మంది ఆడకూలీల పని స్థానంలో ఒక కాపలావాడు మిగులుతాడు.

అందుకే మనం యివి అడగాలి. చెరువు తవ్వేముందు గ్రామసభలో కూలీల మాట వినాలి. ఎకరానికి ఎన్ని పిల్లలు వేస్తున్నారో, ఏ మందు వాడుతున్నారో గట్టు మీద బోర్డు రాసి పెట్టాలి. పరీక్ష చేయకుండా యాంటీబయాటిక్ అమ్మే దుకాణాల మీద కేసు పెట్టాలి. నీళ్లలో దిగేవారికి యజమాని ఖర్చుతో బూట్లు, చేతి తొడుగులు యివ్వాలి. పంట పోయినా చేసిన పనికి పూర్తి కూలి యివ్వాలి. పనిలో వచ్చిన జబ్బుకు వైద్యఖర్చు యజమాని భరించాలి.

వరిచేలో కప్ప బతికిన నీళ్లలో కూలీ కాలు కూడా బాగుంటుంది. కప్పను ఎర్రకాళ్లతో చంపే లెక్క, కూలీని వట్టి చేతులతో ఇంటికి పంపే లెక్క ఒకటే. ఆ లెక్కను మార్చేది మందు సీసా కాదు, సంఘం. ఊరూరా సంఘంలో కూచుని యీ విషయం చర్చించండి. చెరువుల పనికి పోయేవారి పేర్లు, వారికి రావలసిన కూలి బాకీలు రాసిపెట్టండి. ఆ కాగితంతోనే తహసీల్దారు ఆఫీసు ముందుకు పోదాం.