పట్టాకు ఎల్లలు

విద్యకు ఎల్లలు లేవంటారు. కాని ఆ విద్యకు గుర్తుగా చేతికందే పట్టాకు ఎల్లలున్నాయి. మన పుంగనూరు దాటి కొంత దూరం పోతే కర్ణాటక. కుప్పానికి తమిళనాడు కూడా అంతే చేరువ. ఇక్కడ నర్సింగ్ చదివినవారు బెంగళూరు ఆసుపత్రిలో పనిచేయదలిస్తే ఆ రాష్ట్రపు నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవలసిందే. రాష్ట్రపు పొలిమేరకే ఇంత నియమముంటే దేశపు సరిహద్దు సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇటువంటి నియమాలు నిరర్థకమని కొందరి వాదన. అది అంగీకరింపదగినది కాదు. రోగి తన వైద్యుని విద్యను పరీక్షింపలేడు. ఇల్లు కట్టించుకొనేవాడు ఇంజనీరు లెక్కలను సరిచూడలేడు. వారి పక్షాన ఆ పని చేయవలసినది సమాజమే. విదేశాలలో వైద్యం చదివి వచ్చిన భారతీయులకు 2002 నుండి అర్హత పరీక్ష జరపడంలోని ఉద్దేశం ఇదే. అందులో 300 మార్కులకు కనీసం 150 రావాలి. గడచిన పదేళ్లలో చాలా విడతలలో మూడోవంతు మందైనా గట్టెక్కలేకపోయారంటే ఆ పరీక్ష అవసరమెంతో తెలుస్తుంది.

అయితే పరీక్షించడం వేరు, తలుపు మూయడం వేరు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుకు మద్రాసులో దక్కినది ఎం.బి.బి.ఎస్. కాదు; అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా. బోస్టన్‌లో ఆయన రాత్రివేళ ఆసుపత్రిలో చిన్న కొలువు చేస్తూ చదువు సాగించారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఆయన కృషిని చూసి 1930లో డాక్టరేటు నిచ్చింది. తరువాత లెడర్లే ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన బోదకాలు వ్యాధికి హెట్రజాన్ మందు, ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవినాశిని లోకానికి అందాయి. పట్టా పేరు చూసి వెనుకకు పంపివుంటే నష్టం ఆయన ఒక్కరిదే అయ్యేదా?

మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయానికి తొలి అధిపతి డెన్మార్క్ దేశపు వైద్యుడు ఫ్రిమోట్ మొల్లర్. పరదేశపు విద్య మన సీమ రోగులకు ప్రాణదానం చేసింది. ఆ మేలు పొందిన మనం పరాయి పట్టాను అనుమానంతో మాత్రమే చూడడం న్యాయం కాదు.

కనుక నా అభిప్రాయమిది: పరీక్ష ఉండాలి, అది విద్యను తూచాలి గాని విద్యాలయం పేరును కాదు. తప్పినవారికి లోటు ఎక్కడున్నదో తెలిపి, శిక్షణ నిచ్చి, మరల అవకాశం కల్పించాలి. దేశాలు పరస్పరం నమ్మికతో నడిస్తే ఇది అసాధ్యమేమీ కాదు. 2014లో భారతదేశం వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందిన పిమ్మట, నిర్ణీత ప్రమాణాలున్న మన ఇంజనీరింగ్ కోర్సులకు ఇతర సభ్యదేశాల గుర్తింపు సులభమైంది.

విద్యార్థులు కూడా ముందుచూపు వహించాలి. 2021 నిబంధనల ప్రకారం విదేశీ వైద్య విద్య కనీసం 54 నెలలు, ఆంగ్ల మాధ్యమంలో సాగాలి. అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్ పూర్తి కావాలి. ఇవి తెలుసుకొనక, తల్లిదండ్రులు పొలమమ్మి తెచ్చిన సొమ్మును దళారుల మాటలకు ధారపోయడం తగదు. చేరబోయే చదువు రేపు ఎక్కడెక్కడ చెల్లుతుందో నేడే విచారించండి.