టవర్ వచ్చేదాకా తీగైనా కడదాం



మన గూడేల్లో ఏ గుట్ట మీద, ఏ చెట్టు కింద సిగ్నల్ అందుతుందో చిన్నపిల్లలు కూడా చెప్తారు. 108కి ఫోన్ చేయాలంటే ముందు ఆ గుట్ట ఎక్కాలి. డోలీ మోయడానికి నలుగురు ఎప్పుడూ దొరుకుతారు. కింద రోడ్డు మీదికి బండి వచ్చిందో లేదో మాత్రం పైనున్న వాళ్లకి తెలియదు, పేషెంటు బయల్దేరిన సంగతి కింద వాళ్లకి తెలియదు. కొన్నిసార్లు ప్రాణం పోయేది దారి లేక కాదు, కబురు అందక.

2022 జూలైలో కేంద్ర కేబినెట్ 24,680 గ్రామాలకి 4జి ఇస్తామని 26,316 కోట్లతో పథకం ఆమోదించింది. అందులో మన వాటా టవర్ల కోసం అడగాల్సిందే, అడుగుతూనే ఉందాం. ఈలోపు వచ్చే వానాకాలం మాత్రం ఆగదు కదా. అందుకే మేము అనేది ఒక్కటే. సిగ్నల్ లేని గూడేనికీ, కింద సిగ్నల్ ఉన్న ఊరికీ మధ్య నాలుగైదు కిలోమీటర్లు మాట దాటించడానికి సిటిజన్ బ్యాండ్ రేడియో, అంటే సీబీ సెట్టు, దానికి చేత్తో కట్టిన యాంటెన్నా ఎలా పనిచేస్తాయో ప్రతి మండలంలో కనీసం ఇద్దరు పిల్లలకి వచ్చి ఉండాలి.

సీబీ సెట్టు అంటే లారీల్లో, ఓడల్లో పెట్టుకునే లాంటి చిన్న వైర్‌లెస్ సెట్టు. 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది, సోలార్ లైటు బ్యాటరీ ఉన్నా చాలు. నెలనెలా రీచార్జి లేదు. అయితే సెట్టు ఎంత మంచిదైనా యాంటెన్నా సరిగ్గా లేకపోతే అది ఉత్త డబ్బానే. చాలామంది యాంటెన్నా అనగానే వేలు పోసి కొనాల్సిన సామాను అనుకుంటారు. అసలు లెక్కంతా తీగ పొడవులో ఉంది.

సీబీ వాడేది 27 మెగాహెర్ట్జ్. ఆ తరంగం పొడవు సుమారు 11 మీటర్లు. అందులో సగం కంటే కాస్త తక్కువ, అంటే దాదాపు 5.25 మీటర్ల రాగి తీగ కావాలి. దాన్ని మధ్యలో రెండు ముక్కలు చేస్తే ఒక్కోటి 2.63 మీటర్లు. మొదట పది సెంటీమీటర్లు ఎక్కువే ఉంచుకుని తర్వాత కొంచెం కొంచెం కత్తిరించాలి. 50 ఓమ్‌ల కేబుల్ లోపలి తీగని పై ముక్కకి, చుట్టూ ఉండే జల్లెడ తీగని కింది ముక్కకి కలపాలి. పొడవాటి ఎండు వెదురుకి రెండు ముక్కల్నీ నిలువుగా కట్టాలి. అవతలి వాళ్లది కూడా నిలువుగానే ఉండాలి, ఒకరిది నిలువు ఒకరిది అడ్డం అయితే మాట బాగా తగ్గిపోతుంది. కేబుల్‌ని కింది ముక్క వెంబడి వేలాడదీయకుండా పక్కకి లాగాలి. యాంటెన్నా దగ్గరే దాన్ని నాలుగంగుళాల పైపు మీద ఆరేడు చుట్లు చుడితే పవర్ కేబుల్ మీదుగా వెనక్కి పాకదు.

ఇంకో సులువు మార్గం కూడా ఉంది. కార్ల మీద పెట్టే అయస్కాంతం యాంటెన్నా దొరికితే ఇనప రేకుల కప్పు మీద నిలబెట్టండి. ఆ రేకే దానికి రెండో సగంలా పనిచేస్తుంది. సిమెంటు రేకు మీద, పెంకుల మీద ఇది కుదరదు. లోపలి గదిలో ఇనప బీరువా మీద పెట్టినా ఏదో కొంత పలుకుతుంది, బయట ఎత్తున ఉన్నదానికి అది సాటి రాదు.

ఎస్‌డబ్ల్యుఆర్ మీటరుతో చూడకుండా మాట్లాడే బటన్ నొక్కొద్దు. రీడింగు 2 లోపు ఉంటే ఫర్వాలేదు. 3 దాటితే సెట్టు కాలిపోయే ప్రమాదం ఉంది. కింది చానల్లో రీడింగు తక్కువగా, పై చానల్లో ఎక్కువగా వస్తే తీగ పొడుగైనట్టు, కొంచెం కత్తిరించాలి. ఉల్టాగా వస్తే పొట్టిదైనట్టు.

తాత్కాలికంగా కట్టమనడానికీ కారణం ఉంది. కొండల్లో పిడుగుల సంగతి మనకి ఒకరు చెప్పాలా? మబ్బు పడితే సెట్టు నుంచి కేబుల్ పీకెయ్యాలి. ఉరుము వినిపించాక మాత్రం ఆ వెదురునీ కేబుల్‌నీ ముట్టుకోవద్దు. కరెంటు తీగల దగ్గర అసలు నిలబెట్టకూడదు. వెదురు ఒరిగి పడినా అవి తగలనంత దూరం ఉండాలి, తడి వెదురు కూడా కరెంటు లాగుతుంది.

ఇక చట్టం. మన దేశంలో 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ దాకా, 5 వాట్లు దాటని సెట్లకి 2005లో లైసెన్సు మినహాయింపు ఇచ్చారు. బయటి దేశాల 40 చానళ్ల సెట్టు దొరికితే అందులో మొదటి 27 చానళ్లే మన పరిధిలోకి వస్తాయి. పవర్ పెంచే డబ్బాలు తగిలించడం నేరం. మినహాయింపుకి షరతులున్నాయి కాబట్టి సెట్టు అనుమతి ఉన్న రకమేనా, బయట యాంటెన్నా కట్టొచ్చా అన్నది కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగాన్ని రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చాకే మాట్లాడాలి.

మనకి ఇది ఇంకా ముఖ్యం. ఏజెన్సీలో వైర్‌లెస్ సెట్టు పట్టుకుని కొండ మీద కనబడిన కుర్రాడి మీద ఎలాంటి అనుమానం వస్తుందో మీకు తెలియంది కాదు. అందుకే ఒక్కరే గుట్టుగా చేసే పని కాదిది. గ్రామసభలో తీర్మానం చేద్దాం. 1996 పెసా చట్టం మన గ్రామసభకి గుర్తింపు ఇచ్చింది, ఆ బలం వాడుకుందాం. తీర్మానం కాపీ ఐటీడీఏ పీవోకి, తహసీల్దారుకి, పోలీసు స్టేషన్‌కి ఇద్దాం, అందినట్టు సంతకం తీసుకుందాం. అనుమతులు ఇప్పించే బాధ్యత ఐటీడీఏ తీసుకోవాలని గట్టిగా అడుగుదాం. సెట్లు, మీటర్లు కొనివ్వడం వాళ్లకి పెద్ద ఖర్చేం కాదు.

"టవర్ అడగాల్సిన వాళ్లు తీగలు కట్టుకోమంటారేంటి, రేపు సర్కారు మీకు ఇది చాలుగా అంటే?" అని కొందరు అన్నలు అంటున్నారు. భయం న్యాయమైనదే. సీబీలో ఆన్‌లైన్ క్లాసు వినలేం, రేషన్ వేలిముద్ర పడదు, స్కాలర్‌షిప్ అప్లికేషన్ పెట్టలేం. మధ్యలో పెద్ద కొండ అడ్డమొస్తే మాట కూడా దాటకపోవచ్చు. టవర్‌కి ఇది బదులు కాదని తీర్మానంలోనే రాద్దాం. ఇంకో మాట కూడా ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు టవర్లున్న విశాఖలోనే ఫోన్లు మూగబోయాయి. టవర్ వచ్చాక కూడా ఈ విద్య పనికొస్తుంది.

ఐటీఐ, పాలిటెక్నిక్, డిప్లొమా చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, కేబుల్ అతకడం, మీటరు చూడటం మీకు వచ్చిన పనే. ఈ ఎండాకాలం సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు రెండు పనులు చేయండి. మీ గూడెం నుంచి సిగ్నల్ ఉన్న దగ్గరి ఊరు ఎంత దూరమో, మధ్యలో కొండ ఎటు అడ్డం ఉందో కాగితం మీద గీసుకోండి. గ్రామసభలో పెద్దల్ని కూర్చోబెట్టి ఈ విషయం మాట్లాడండి. వానలు పడేలోపు తీర్మానం కాపీలు ఐటీడీఏ ఆఫీసు బల్ల మీద ఉండాలి.

జై ఆదివాసీ.