‘గా’, ‘నుండి’ – ఒక ఆంగ్ల క్రియారూపం

తెలుగు ఇంటిభాషగా గల విద్యార్థులూ, ఉర్దూ ఇంటిభాషగా గల విద్యార్థులూ ఆంగ్లంలో ఒకే తప్పు వ్రాస్తారు: ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’. దీనిని అశ్రద్ధ అనడం అన్యాయమని నా అభిప్రాయం. ‘పదేళ్ళ నుండి ఉంటున్నాను’, ‘దస్ సాల్ సే రహ్ రహా హూఁ’ అన్న రెండింటిలోనూ క్రియ వర్తమానమే. గతంలో ఆరంభమై నేటికీ సాగుతున్న పనికి ఆంగ్లం మాత్రం ‘హ్యావ్ బీన్ లివింగ్’ అనే వేరు రూపాన్ని కోరుతుంది.

వ్యవధికైనా, ఆరంభానికైనా ఉర్దూలో ‘సే’ ఒక్కటే. తెలుగులోనో, ‘పదేళ్ళుగా’, ‘1986 నుండి’ అనే భేదం సిద్ధంగానే ఉన్నది. మొదటిదానికి ‘ఫర్’, రెండవదానికి ‘సిన్స్’ అని చూపితే చాలు. విచిత్రమేమంటే ఈ చిన్న మాట తెలుగు పాఠంలోనూ రాదు, ఆంగ్ల పాఠంలోనూ రాదు.

ఇది మార్కుల ముచ్చట మాత్రమే కాదు. మన ప్రాంతంలో శ్రీశైలం జలాశయం క్రింద ఊళ్ళు మునిగిన కుటుంబాలవారు, 1986 నాటి 98వ నంబరు ప్రభుత్వోత్తర్వును పట్టుకొని ఉద్యోగాలకై ఏండ్ల తరబడి అర్జీలు పెట్టుకున్నారు. అట్టి ఇంటి పిల్లవాడు ‘వుయ్ ఆర్ వెయిటింగ్ ఫర్ జాబ్స్’ అని వ్రాస్తే, ఆ నిరీక్షణ ఆ ఉదయమే మొదలైనట్లుంటుంది. ‘వుయ్ హ్యావ్ బీన్ వెయిటింగ్ ఫర్ జాబ్స్ సిన్స్ 1986’ అన్నప్పుడే గడచిన ఏండ్లన్నీ అధికారి కంట పడతాయి.

ఆంగ్ల తరగతిలో ఇంటిభాషను నిషేధించే పద్ధతి మానాలి. నల్లబల్లపై ముందుగా తెలుగు, ఉర్దూ వాక్యాలను ప్రక్కప్రక్కన వ్రాయించి, ఆ పిమ్మట ఆంగ్ల వాక్యం వ్రాయించాలి.