ఐరిష్ భాష: కౌన్సిళ్ళ చేతిలో ఉన్నది ఎంత, చేస్తున్నది ఎంత?

1937 నాటి ఐర్లండ్ రాజ్యాంగం 8వ అధికరణం ప్రకారం ఈ దేశపు జాతీయ భాష, మొదటి అధికార భాష ఐరిష్. ఇంగ్లీషుది రెండో స్థానం. 2007 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్‌లోనూ ఐరిష్ అధికార భాషే. ఒక భాషకు ఇంతకన్నా ఏం హోదా కావాలి?

ఇప్పుడు 2022 జనాభా లెక్కలు చూడండి. ఐరిష్ వచ్చు అని రాయించుకున్నవారు 18,73,997 మంది, అంటే మూడేళ్ళు నిండిన జనాభాలో 40 శాతం. బడి బయట రోజూ ఐరిష్ మాట్లాడేవారు మాత్రం 71,968 మంది. మన దగ్గర ఒక పెద్ద మండలంలో ఉండే జనం అన్నమాట! 2016లో ఇదే సంఖ్య 73,803. వచ్చు అనేవాళ్ళు పెరుగుతున్నారు, మాట్లాడేవాళ్ళు తగ్గుతున్నారు.

దీనికి సాధారణంగా వినపడే సమాధానం "బడిలో ఇంకా బాగా చెప్పాలి" అని. కానీ వందేళ్ళుగా బడిలో చెబుతూనే ఉన్నారు కదా! పిల్లవాడు పద్నాలుగేళ్ళు చదువుకుని బయటికొస్తే ఆ భాషలో పాలు కొనుక్కునే కొట్టు లేదు, లైబ్రరీ కార్డు అడిగే కౌంటరు లేదు, ఆడుకునే జట్టు లేదు. భాష నిలబడేది ఏ వీధిలో ఎవరు ఉంటారు, ఆఫీసు కిటికీ వెనక ఎవరు కూర్చుంటారు, సాయంత్రం పిల్లలు ఎక్కడ ఆడతారు అన్న చిన్న విషయాల మీద. ఆ చిన్న విషయాలలో చాలా భాగం పార్లమెంటు చేతిలో లేవు, కౌంటీ కౌన్సిల్ చేతిలో ఉన్నాయి.

ఐర్లండ్‌లో స్థానిక సంస్థలు బలహీనమైనవన్న మాట నిజమే. 2014 సంస్కరణలతో 114 సంస్థలు 31కి తగ్గాయి, పట్టణ కౌన్సిళ్ళు రద్దయిపోయాయి. బడులు, పోలీసులు, ఆసుపత్రులు వీటి కింద లేవు. అయినా ఇళ్ళ నిర్మాణానికి అనుమతులు, సామాజిక గృహాలు, లైబ్రరీలు, పార్కులు, వీధుల పేర్లు, స్థానిక గ్రాంట్లు వీటివే. ఒక భాషకు ఇవి తక్కువ విషయాలా?

ముందు బోర్డుల సంగతి, ఎందుకంటే అందరికీ కనపడేవి అవే. దేశమంతటా రోడ్డు బోర్డుల మీద పైన వాలు అక్షరాలతో ఐరిష్, కింద పెద్దక్షరాలతో ఇంగ్లీషు ఉంటాయి. ఐరిష్ మాట్లాడే గేల్‌టాక్ట్ ప్రాంతాల్లో ఐరిష్ ఒక్కటే. ఈ దేశంలో "బాలీ" అని మొదలయ్యే ఊళ్ళు కోకొల్లలు. అసలు మాట "బాల్య", మన "పల్లి" లాంటిదే. 19వ శతాబ్దంలో బ్రిటిష్ సర్వేవాళ్ళు పటాలు గీస్తూ ఈ పేర్లను ఇంగ్లీషు చెవికి విన్నట్టుగా రాసేశారు. రాజమహేంద్రవరాన్ని రాజమండ్రి చేసిన కథ తెలిసిన మనకు ఇది వివరించి చెప్పక్కర్లేదు.

కానీ బోర్డు మార్చే పనిలో కూడా రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది డింగిల్ పద్ధతి. కెర్రీ కౌంటీలోని ఈ ఊరు పర్యాటకుల మీద బతుకుతుంది. 2005లో అమల్లోకి వచ్చిన ఒక మంత్రిత్వ ఉత్తర్వుతో దాని అధికారిక పేరు ఒక్కసారిగా "అన్ డాంగన్" అయింది, బోర్డుల మీద డింగిల్ అన్న మాట పోయింది. ఊరు భగ్గుమంది. 2006లో జరిపిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓట్లు వేసినవారిలో 90 శాతానికి పైగా రెండు భాషల పేరే కావాలన్నారు. చివరకు 2011లో చట్టం ద్వారా ఆ పేరు ఖాయమైంది. ఆరేళ్ళు కోపాలతో గడిచిపోయాయి. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆ ఊరివాళ్ళు ఐరిష్‌కు వ్యతిరేకులు కారు. తమను అడగకుండా చేసినందుకు వ్యతిరేకించారు.

రెండోది బెల్‌ఫాస్ట్ పద్ధతి. ఉత్తర ఐర్లండ్ వేరే రాజ్యం, అక్కడి చరిత్ర మరీ చేదు. 1949 నాటి చట్టం వీధి పేర్లను ఇంగ్లీషులో తప్ప మరో భాషలో పెట్టడాన్ని నిషేధించింది! 1995 దాకా ఆ నిషేధం ఉంది. తర్వాత కూడా బెల్‌ఫాస్ట్ నగర కౌన్సిల్ నిబంధన ఎలా ఉండేదంటే, వీధిలో మూడో వంతు మంది సంతకాలు పెడితే సర్వే చేస్తారు, మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి, జవాబు ఇవ్వనివాళ్ళు వద్దన్నట్టే లెక్క. 2022 జూలై నుంచి ఆ నిబంధన మారింది. ఒక్కరు అడిగినా సర్వే చేస్తారు, 15 శాతం మంది కావాలంటే రెండో భాషలో బోర్డు పెట్టొచ్చు. ఇంగ్లీషు పేరు ఎక్కడికీ పోదు, పక్కన ఐరిష్ చేరుతుంది. దీని మీద అక్కడ యూనియనిస్టు పార్టీలకు గట్టి అభ్యంతరాలు ఉన్నాయి, గొడవ ఇంకా సద్దుమణగలేదు. నా మటుకు నాకు ఇదే న్యాయమైన దారి అనిపిస్తుంది. మెజారిటీ అనుమతి ఇస్తేనే మైనారిటీ భాష కనపడాలి అనే నియమం పెడితే మైనారిటీ భాష ఎప్పటికీ కనపడదు.

ఇక కౌంటరు సంగతి. 2003లో అధికార భాషల చట్టం వచ్చింది, 2004లో భాషా కమిషనర్ ఆఫీసు ఏర్పడింది. కౌన్సిల్ ఐరిష్‌లో రాసిన ఉత్తరానికి ఐరిష్‌లో జవాబివ్వకపోతే ఆ ఆఫీసుకు ఫిర్యాదు చేసుకోవచ్చు. 2021 సవరణ ఇంకాస్త పళ్ళున్న చట్టం. 2030 చివరికల్లా ప్రభుత్వ సంస్థల్లో కొత్తగా చేరేవారిలో 20 శాతం మందికి ఐరిష్ వచ్చి ఉండాలి. 2022 అక్టోబరు నుంచి సంస్థలు ఇచ్చే ప్రకటనల్లో కనీసం 20 శాతం ఐరిష్‌లో ఉండాలి, ప్రకటనల ఖర్చులో కనీసం 5 శాతం ఐరిష్ మాధ్యమాలకు వెళ్ళాలి.

ఈ లెక్కలు బాగున్నాయి. కానీ 20 శాతం మందిని చేర్చుకుని వాళ్ళను ఎక్కడ కూర్చోబెడతారన్నది కౌన్సిల్ ఇష్టం. ఐరిష్ వచ్చిన మనిషి లోపలి గదిలో అకౌంట్లు చూసుకుంటూ, ముందు కౌంటరులో రానివారు కూర్చుంటే చట్టం నెగ్గినట్టే, భాష ఓడినట్టే. ఇళ్ళ దరఖాస్తులు తీసుకునే కిటికీ, లైబ్రరీ, మోటారు పన్ను కౌంటరు, ఈ మూడు చోట్ల మనిషి ఉన్నారా లేదా అన్నదే అసలు పరీక్ష. "నేను ఐరిష్ మాట్లాడతాను" అని ఒక బ్యాడ్జీ పెట్టుకుంటే ఖర్చు ఎంత? అడగాలంటే మొహమాటపడే జనానికి అది ఎంత ధైర్యం?

మన వృత్తికి సంబంధించిన ఒక ముచ్చట కూడా ఇక్కడ చెప్పాలి. ఐరిష్‌లో అచ్చు మీద "ఫాదా" అనే గీత పెడితే అది దీర్ఘం. గీత లేకుండా "ఫార్" అంటే మగవాడు, అదే మాటకు గీత పెడితే గడ్డి. మన "పలు", "పాలు" లాగే. ఈ గీతను మింగేసే కంప్యూటర్ వ్యవస్థలు ప్రభుత్వ ఆఫీసుల్లో ఇప్పటికీ ఉన్నాయి. షాన్ అనే మనిషి పేరులో గీత తీసేస్తే "ముసలి" అని అర్థం వస్తుంది! పౌరుడు తన పేరును ఐరిష్‌లో రాసుకుంటే దాన్ని అలాగే నమోదు చెయ్యాలన్న బాధ్యతను 2021 సవరణ ప్రభుత్వ సంస్థల మీద పెట్టింది. యూనికోడ్ వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటాక ఒక గీతను దాచుకోలేని డేటాబేస్ ఉందంటే అది సాంకేతిక సమస్య కాదు, టెండరు కాగితంలో ఒక వాక్యం రాయని నిర్లక్ష్యం. కౌన్సిళ్ళకు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీల్లో మనవాళ్ళు చాలామందే పని చేస్తున్నారు. ఈ ఒక్క పరీక్ష మన టెస్ట్ కేసుల్లో చేర్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

గాల్వే నగరంలో ఇంకో రకం పని జరుగుతోంది. అక్కడ "గాలివ్ లె గేల్గె" అనే సంస్థ 1980ల చివరి నుంచీ వ్యాపారుల వెంటపడి, బతిమాలి, అనువాదాలు చేసిచ్చి, దుకాణాల బోర్డులు, హోటళ్ళ మెనూలు రెండు భాషల్లోకి తెస్తోంది. జరిమానాలు లేవు. రెండు భాషల బోర్డు కొట్టుకు అందం, ఊరికి గుర్తింపు అని ఒప్పించడమే. ఆ నగరంలో కొత్త కాలనీలకు ఐరిష్ పేర్లు పెట్టే అలవాటూ ఉంది. డబ్లిన్ చుట్టూ బిల్డర్లు ఇంగ్లండ్ పల్లెటూళ్ళను తలపించే పేర్లు పెట్టిన కాలనీల్లో ఉంటున్నవాళ్ళకు తేడా తెలుస్తుంది. 2025లో దేశాధ్యక్షురాలిగా ఎన్నికైన కేథరిన్ కానలీ ఒకప్పుడు ఆ గాల్వేకు మేయరే, ఐరిష్‌ను పెద్దయ్యాక పట్టుదలతో నేర్చుకున్న మనిషే.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇళ్ళు ఒక ఎత్తు. నిజంగా భాష బతుకుతుందా పోతుందా అన్నది తేలేది ఇక్కడే.

2007లో ప్రభుత్వమే చేయించిన సమగ్ర అధ్యయనం ఒకటి, గేల్‌టాక్ట్‌లో ఐరిష్ వాడుక ఇలాగే సాగితే పదిహేను, ఇరవై ఏళ్ళలో అది ఊరుమ్మడి భాషగా మిగలదని హెచ్చరించింది. ఒక ఊరిలో రోజూ మాట్లాడేవారు 67 శాతం కన్నా తగ్గితే ఆ భాష జారిపోవడం మొదలవుతుందని కూడా చెప్పింది. దీని అర్థం ఏమిటి? ముప్ఫై గడపలున్న ఊళ్ళో ఒక కొత్త కాలనీ కట్టి, ఇరవై ఇంగ్లీషు కుటుంబాలను తెచ్చిపెడితే పని అయిపోయినట్టే. ఎవరూ ఎవరినీ నిషేధించక్కర్లేదు. కనెమారా, కెర్రీ తీరాల్లో ఇళ్ళు సెలవు ఇళ్ళుగా, పర్యాటకులకు రోజు అద్దె ఇళ్ళుగా మారిపోతున్నాయి. ఐరిష్‌లో పుట్టి పెరిగిన యువ జంటకు సొంత ఊళ్ళో ఇల్లు దొరకదు. వాళ్ళు గాల్వేకో డబ్లిన్‌కో వెళ్తారు, పిల్లలతో ఇంగ్లీషు మాట్లాడతారు. కథ కంచికి!

2000 నాటి ప్రణాళికా చట్టం గేల్‌టాక్ట్ ఉన్న కౌంటీల అభివృద్ధి ప్రణాళికల్లో భాషా వారసత్వ రక్షణ ఒక లక్ష్యంగా ఉండాలని చెప్పింది. ఆ ఆధారంతోనే కొత్తగా కట్టే కాలనీల్లో కొన్ని ఇళ్ళు కొన్నేళ్ళపాటు ఐరిష్ మాట్లాడేవారికే అమ్మాలనే షరతు పెడుతున్నారు. మంచిదే. మరి కొన్నవాడికి భాష వచ్చని ఎవరు తేల్చాలి? ఆ తర్వాత ఎవరు చూస్తారు? షరతు పెట్టిన ఆఫీసుకు అమలు చూసే మనిషి లేకపోతే అది ఫైలులో ఒక పేరాగానే మిగులుతుంది. ఇంకో విచిత్రం, 2012 గేల్‌టాక్ట్ చట్టం కింద 26 భాషా ప్రణాళిక ప్రాంతాలు ఏర్పడ్డాయి. ఆ ప్రణాళికలు రాసేది స్థానిక సంఘాలు. ఇల్లు ఎక్కడ కట్టాలో నిర్ణయించేది కౌన్సిల్. భాష ప్రణాళిక ఒక బీరువాలో, ఇళ్ళ ప్రణాళిక ఇంకో బీరువాలో! రెండింటినీ ఒక బల్ల మీదకు తేవడం కౌన్సిల్ చెయ్యగల అన్నిటికన్నా పెద్ద సాయం.

ఇది ఊహ కాదు, చేసి చూపించినవాళ్ళు ఉన్నారు. 1935లో కనెమారా నుంచి 27 కుటుంబాలను తీసుకొచ్చి, తూర్పున ఇంగ్లీషు మాట్లాడే మీత్ కౌంటీలోని రాథ్‌కార్న్‌లో ఇళ్ళు, భూములు ఇచ్చారు. తొంభై ఏళ్ళయినా అక్కడ ఐరిష్ ఉంది, 1967లో దానికి గేల్‌టాక్ట్ గుర్తింపూ వచ్చింది. బెల్‌ఫాస్ట్‌లోనైతే ప్రభుత్వం ఏమీ ఇవ్వకుండానే 1960ల చివర్లో కొన్ని కుటుంబాలు షాస్ రోడ్డులో పక్కపక్కనే ఇళ్ళు కట్టుకున్నాయి, 1971లో సొంతంగా ఐరిష్ బడి పెట్టుకున్నాయి. ఇవాళ ఆ నగరంలో ఉన్న ఐరిష్ బడుల ఉద్యమానికి మూలం ఆ వీధే. రెండు చోట్లా ముందు ఇళ్ళొచ్చాయి. బోర్డులు ఆ తర్వాతి సంగతి.

మన సమావేశాల్లో ఈ మాట ఎత్తితే వచ్చే ప్రశ్నలు నాకు తెలుసు. "ఇంగ్లీషు అందరికీ వచ్చు కదా, ఈ ఖర్చంతా దండగ కాదా?" అని ఒకటి. ఇదే మాట మన సచివాలయాల్లో తెలుగు గురించి అన్నప్పుడు మనకు ఎలా ఉంటుంది? ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. ఆ తర్వాత ఎన్ని జీవోలు తెలుగులో చూశాం? 2011 లెక్కల్లో ఎనిమిది కోట్ల మంది మాతృభాష తెలుగు. అంత మంది ఉండీ మనం కౌంటరు దగ్గర ఓడిపోయాం.

రెండో ప్రశ్న కాస్త బరువైనది. "ఐరిష్ వచ్చినవారికి ఇళ్ళు, ఉద్యోగాలు అంటే మనలాంటి వలస వచ్చినవాళ్ళను బయట పెట్టడమే కదా?" 2025 వేసవిలో డబ్లిన్‌లో భారతీయుల మీద దాడులు జరిగిన తర్వాత ఈ భయాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. కానీ షరతు పుట్టుక మీద లేదు, భాష మీద ఉంది. పుట్టుకను మార్చుకోలేం, భాషను నేర్చుకోవచ్చు. మన పిల్లలు ఐరిష్ మీడియం బడుల్లో హాయిగా చదువుకుంటున్నారు. ఆ 20 శాతం ఉద్యోగాల్లో రేపు వాళ్ళకూ వాటా ఉంటుంది. అయితే పెద్దలకు నేర్పే బాధ్యత కౌన్సిళ్ళు తీసుకోవాలి. లైబ్రరీల్లో కొత్తగా వచ్చినవాళ్ళకు ఇంగ్లీషు సంభాషణ తరగతులు నడిపే చోట అదే బల్ల మీద ఐరిష్ తరగతి ఎందుకు పెట్టకూడదు? తరగతి పెట్టకుండా షరతు మాత్రమే పెట్టే కౌన్సిల్‌ను మనం నిలదీయవచ్చు.

నిలదీసే హక్కు మనకుందా అంటే, ఉంది. ఐర్లండ్‌లో స్థానిక ఎన్నికల్లో ఓటు వెయ్యడానికి పౌరసత్వం అక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళు నిండి ఇక్కడ నివాసం ఉంటే చాలు, ఏ వీసా మీద ఉన్నా ఓటరే. పోటీ కూడా చెయ్యవచ్చు. 2024 జూన్ 7న 31 కౌన్సిళ్ళలోని 949 స్థానాలకు ఎన్నికలు జరిగాయి. మనవాళ్ళలో చాలామందికి తమకు ఓటుందన్న సంగతే అప్పుడు తెలియదు. మళ్ళీ ఎన్నికలు 2029లో. ఓటర్ల జాబితా నడిపేది కౌన్సిలే, పీపీఎస్ నంబరు ఉంటే ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని.

అంతదాకా ఆగక్కర్లేదు కూడా. ప్రతి కౌంటీ తన అభివృద్ధి ప్రణాళిక ముసాయిదాను ప్రజల అభిప్రాయం కోసం బయట పెడుతుంది. 2024 నాటి ప్రణాళికా చట్టం ఆ ప్రణాళిక గడువును ఆరేళ్ళ నుంచి పదేళ్ళకు పెంచింది. అంటే ఈసారి తప్పిన మాట మళ్ళీ ఎక్కాలంటే చాలా కాలం పడుతుంది. మీ కౌంటీ ముసాయిదా వచ్చినప్పుడు కాలనీల పేర్ల గురించి, లైబ్రరీ తరగతి గురించి, ఐరిష్‌లో నడిచే శిశు బడికి కమ్యూనిటీ హాలులో ఒక గది గురించి ఒక పేజీ రాసి పంపండి. కింద మీ తెలుగు పేరు పెట్టండి. మన హోటళ్ళు, సరుకుల కొట్లు నడిపే మిత్రులు బోర్డు మీద ఇంగ్లీషు పక్కన తెలుగుతో పాటు ఐరిష్ కూడా రాయించండి. గాల్వేలో ఉన్నవాళ్ళకైతే అనువాదం చేసిపెట్టే మనుషులు కూడా ఉన్నారు.