డాక్టరు దగ్గర కూడా దాపరికమేనా?

మాకు ఇస్త్రీ బట్టలు తెచ్చిచ్చే ఆమె పోయిన ఏడాది నెలల తరబడి దగ్గింది. సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రి ఒళ్లంతా చెమటలు, మనిషి సగమైపోయింది. (ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. "గుర్తుపట్టకుండా రాయండమ్మా" అంది. అందుకని చేసే పనీ, ఇంకొన్ని వివరాలూ మార్చాను.) ప్రైవేటు డాక్టరు ఎక్స్‌రే చూసి టీబీ మందులు మొదలుపెట్టారు. మన దేశంలో ఆ లక్షణాలకి ఎవరికైనా ముందు గుర్తొచ్చేది టీబీయే కదా! రెండు నెలలు మింగినా జ్వరం తగ్గలేదు. ఎక్స్‌రేలో మచ్చ ఇంకా పెద్దదయింది.

డాక్టరుకి చెప్పని సంగతొకటి ఓ రోజు మా వంటింట్లో కూర్చుని నాకు చెప్పింది. భర్త పోయినప్పుడు చేసిన పరీక్షలో తనకీ హెచ్.ఐ.వి. ఉందని తేలిందట. కొన్నేళ్లు ఏఆర్‌టీ మందులు వాడి మానేసిందట. ఎందుకు మానేశావంటే, "మందుల లైన్లో మనవాళ్లెవరో చూశారమ్మా" అంది. ఆ మందులు ప్రభుత్వం 2004 ఏప్రిల్ నుంచీ ఉచితంగానే ఇస్తోంది. ఖర్చల్లా పరువుది.

పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్తానన్నాను. మర్నాడు వచ్చినప్పుడు ఎప్పట్లాగే కాఫీ ఇచ్చాను, గ్లాసు మాత్రం మార్చాను. బి.ఎస్సీ. చదివినదాన్ని, కథల్లో మానవత్వం గురించి రాసేదాన్ని! గ్లాసు వల్ల హెచ్.ఐ.వి. రాదని నాకు బాగా తెలుసు. తెలిసే మార్చాను. ఆమె చూసింది. తాగి, కడిగి, బోర్లించి వెళ్లిపోయింది. ఆ తర్వాత మూడు వారాలు బట్టలకి కొడుకుని పంపింది. నేనే వాళ్లింటికి వెళ్లాల్సి వచ్చింది.

పెద్దాసుపత్రిలో అన్నీ చెప్పాక సీడీ4 కణాల లెక్క చూశారు. అది 200 కన్నా తగ్గితే ఒంటికి కాపలా లేనట్టే. మనలో చాలామంది ఒంట్లో ఏళ్ల తరబడి ఊరికే పడి ఉండే ఎప్‌స్టీన్-బార్ వైరస్ లాంటివి అప్పుడు చెలరేగుతాయి. రోగాలతో పోరాడాల్సిన తెల్లకణాలే క్యాన్సర్‌గా మారొచ్చు. దాన్నే లింఫోమా అంటారు. మెడలో, చంకల్లో బిళ్లలు కట్టడం మనం విన్నదే. హెచ్.ఐ.వి. ముదిరినవాళ్లకి ఊపిరితిత్తుల్లోనూ గడ్డలు రావచ్చు. దగ్గు, జ్వరం, చెమటలు, చిక్కిపోవడం, అన్నీ టీబీ లాగే ఉంటాయి. ఎక్స్‌రే చూసి ఏది ఏదో తేల్చలేరు. చిన్న ముక్క తీసి బయాప్సీ చేయాల్సిందే. ఈమెకి తేలింది అలాగే.

టీబీ మందులు మానెయ్యమని కాదు సుమా నేననేది. ఒక్కోసారి రెండు జబ్బులూ కలిసే ఉంటాయి. మందులు వాడుతున్నా తగ్గనప్పుడు "ఇంకేదైనా కావచ్చా?" అని అడగాలి. హెచ్.ఐ.వి. ఉంటే డాక్టరుకి చెప్పాలి. చెబితే వైద్యం చెయ్యరేమోనన్న భయం ఉంటుంది, నిజమే. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం హెచ్.ఐ.వి. ఉందని వైద్యం నిరాకరించకూడదు. రోగి ఒప్పుకోకుండా ఆ సంగతి బయటపెట్టకూడదు. కానీ ఈమె భయపడింది ఆసుపత్రికి కాదు, మనకి. నాలాంటివాళ్ల గ్లాసులకి.

ఏఆర్‌టీ మళ్లీ మొదలైంది, దాంతోపాటే కీమోథెరపీ. రెండూ కలిపి వాడి కోలుకున్నవాళ్లు ఉన్నారని డాక్టరు ధైర్యం చెప్పారు. నాలుగు విడతలయ్యాయి. జ్వరం లేదు, జుట్టు మాత్రం పోయింది. కొడుక్కి పనుంది కాబట్టి సోమవారం అయిదో విడతకి నేను తోడు వెళ్తున్నాను.