వీలునామా లేకున్నా జాడ దొరుకుతుంది



వలస కుటుంబాల మూలాలపై గత సంచికలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. కానీ సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల నుంచి నిజాం కాలంలో బొంబాయి పోయినవాళ్ళు వీలునామాలు రాయలేదు కనుక వారి భూముల జాడ దొరకదన్న మాట ఒప్పుకోలేను. మన దగ్గర వీలునామా రాసినవాళ్ళెందరు? భూమి ఎక్కువగా విరాసత్‌తోనే, అంటే వారసత్వంగానే, చేతులు మారింది.

ముందు 1954-55 నాటి భూమి రికార్డు ఖాస్రా పహాణీ చూడాలి. అందులో పట్టాదారు పేరు వేరు, సాగు చేసేవారి పేరు వేరు. బొంబాయి కామాఠిపురాలో రాళ్ళెత్తిన అన్న ఒక గడిలో, ఊళ్ళో నాగలి పట్టిన తమ్ముడు ఇంకో గడిలో కనిపించవచ్చు. అంతకుముందరి సర్వే రికార్డు సేత్వార్ ఉర్దూలో ఉంటుంది. చదివిపెట్టే పెద్దమనిషిని ఇప్పుడే వెతుక్కోండి, రేపు దొరకరు. జిల్లా పేరు దగ్గరా జాగ్రత్త: 2016 దాకా ఈ ఊళ్ళన్నీ కరీంనగర్, 1905కు ముందు ఎలగందల.

పెళ్ళిళ్ళను వ్యాసకర్త రెండు వాక్యాల్లో దాటేశారు. అసలు చిక్కంతా అక్కడే. 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హిందూ కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా వచ్చింది. అప్పటికే పెళ్ళయినవారికి మాత్రం రాలేదు. 2005 కేంద్ర సవరణ దాకా అంతే. ఇక పాత లగ్నపత్రిక మీది తేదీ కూడా భూమి కాగితమే కదా! ముస్లిం కుటుంబాలకైతే ఖాజీ రాసే నిఖా పత్రం సియాహా ఉంది, మహర్ లెక్కతో సహా.

మీరు వేసిన వంశవృక్షంలో ఒక్క ఆడపిల్ల పేరూ లేదు. వచ్చే సంచికలో ఆ పేర్లు చేర్చి మళ్ళీ వేయగలరు.

— ఒక పాఠకుడు, కోరుట్ల